నాలుగు గీతల కార్డు

"ఇటు కాదు. గోడ వైపు తిరిగి చెప్పు," అన్నాడు లెక్కల మాస్టారు.

ఆమె తిరిగింది. అతనూ తిరిగాడు. పెళ్లయి పన్నెండేళ్లయిన మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింటి గోడకి ముఖాలు పెట్టి, బళ్లో శిక్ష పడిన పిల్లల్లా పక్కపక్కన నిలబడ్డారు.

ఆ ఇంట్లో పోట్లాటలన్నీ గోడ ముందే. కూతురికి ఎనిమిదేళ్లు, చెవులు సరిగా వినిపించవు. చెవి మిషన్లు పెట్టుకుంటే శబ్దం అందుతుంది గాని మాట అందదు. మాట కోసం ఎదుటివాళ్ల పెదాలు చూస్తుంది. గొంతు తగ్గించి తిట్టుకున్నా లాభం లేదు. తలుపు సందులోంచి పెదవి కదలడం కనిపిస్తే చాలు, చక్కా వచ్చి "నాన్న నిన్ను మొద్దు అన్నాడా?" అని నిలదీస్తుంది.

అందుకే ఏడాది కిందట ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కోపమొస్తే గోడ వైపు తిరగాలి. తిరిగాక ఎవరు ఏమైనా అనుకోవచ్చు. చాలాసార్లు అలా తిరిగేసరికే ఇద్దరికీ నవ్వొచ్చి, పోట్లాట అక్కడికక్కడే చల్లారిపోయేది.

ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు.

మాస్టారి చేతిలో కాగితం ఉంది. పొద్దున తను పనిచేసే బడి గేటుకి అంటించిన నోటీసుని అలాగే పీక్కొచ్చాడు. వెనకాల జిగురు ఇంకా ఆరక వేళ్లకి అంటుకుంటోంది. తేదీ చూస్తే పది రోజుల కిందటిది, అంటించింది మాత్రం ఇవాళే.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"చదివే పెట్టావా?"

"చదివే పెట్టాను."

"అయితే ఇంకోసారి విను." అతను తరగతిలో లెక్క చదివినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి చదివాడు. "‘ప్రజల నుంచి అందిన మూడు వందల నలభై సూచనల్లో రెండు వందల తొంభై ఏడు, ఈ పాఠశాల పిల్లలకు చాలదని స్పష్టముగా తెలిపినందున, దీనిని మూసివేసి పిల్లలను పెద్ద పాఠశాలకు మార్చవలెనని ప్రతిపాదించడమైనది. అభ్యంతరాలు శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు విద్యా కార్యాలయంలో వినబడును.’ శనివారం అంటే ఇవాళే. కింద, ‘సూచనలు వర్గీకరించినవారు’ అని నువ్వు."

ఆమె గోడ మీది మసి మరకని గోటితో గీకింది.

"మన పేట జనం బాగుచెయ్యమని రాశారు. మూసెయ్యమని కాదు. మూడు వారాలు గడప గడపా ఎక్కి రాయించినవాణ్ని, నాకు తెలీదా? అందులో ఏం మార్చావు?"

"నేనేం మార్చలేదు."

"మరి ఎవరు మార్చారు? మీ ఆఫీసులో సూపరింటెండెంటా? ఆయన మార్చమంటే నువ్వు తలూపావా?"

"ఎవరూ ఏమీ..."

"గట్టిగా చెప్పు! గోడకి చెప్పినట్టు చెప్పకు!"

చెప్పింది గోడకే గనక ఆ మాటకి మామూలు రోజైతే ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లే. ముందు గదిలో అత్తగారి కుట్టుమిషను జోరు హెచ్చింది. కొడుకూ కోడలూ మాటామాటా అనుకునేటప్పుడు వీధిలోకి వినపడకుండా ఆవిడ చేసే ఉపకారం అది. ఎంత పెద్ద పోట్లాటైతే అంత పొడుగు కుట్టు పడుతుంది.

"సరే," అంది ఆమె చివరికి. "నేనే తప్పు చేశాననుకోండి."

"అనుకోవడమేంటి?"

"చేశాను. పొరపాటున జనం కార్డులు ఆఫీసు బీరువాలో వేరే గూట్లో వేశాను. చాలా?"

మాస్టారు గోడ మీంచి చూపు తిప్పి ఆమెని చూశాడు. ఒప్పందం దాటినట్టే, కానీ అప్పటికి అతను మాట్లాడ్డం మానేశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే ఆమె ఓర్చుకునేది. దారి తప్పి తన ఇంట్లోకి వచ్చిన మనిషిని చూసినట్టు, నువ్వెవరు అన్నట్టు చూశాడు.

"ఆ గది కూడా పోతుందని తెలిసే పెట్టావా సంతకం?" అన్నాడు మెల్లగా.



*

ఆ గది అంటే మాటల గది. బడి వెనకాల, మెట్ల కింద, బీరువా పట్టేంత జాగా. ఒక నిలువుటద్దం, రెండు చిన్న కుర్చీలు, ఒక కొవ్వొత్తి. జిల్లాలో ఇంకే బళ్లోనూ అలాంటిది లేదు. వారానికి నాలుగు రోజులు మాటల టీచరమ్మ అక్కడ కూర్చుని, వినపడని పిల్లల చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని, అక్షరం ఎక్కడ పుడుతుందో చూపిస్తుంది. "ప" అంటే కొవ్వొత్తి మంట ఊగాలి. "మ" అంటే ముక్కు మీద పెట్టిన వేలు వణకాలి.

పిల్లకి ఇంట్లో పేరు చిలక. మాట రాని పిల్లకి ఆ పేరు పెట్టింది నానమ్మే, పేరుకైనా పలుకుతుందని. ఆరేళ్లకి ఆ గదిలో చిలక మొదటిసారి స్పష్టంగా ఒక మాట అంది. అమ్మా కాదు, నాన్నా కాదు. "వద్దు." ఇల్లంతా ఎగిరి గంతేసింది. ఆ వారమంతా పిల్ల ఏమడిగినా వద్దనే అంది, వీళ్లు ఏమిచ్చినా వద్దనే అంది, అయినా ఎవరికీ విసుగు రాలేదు.

పెద్ద బళ్లో అలాంటి గది లేదు. మాటల టీచరమ్మని వేరే పనికి వేస్తారట. చిలక నలభై మంది పిల్లల వెనకాల కూర్చోవాలి, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే మాస్టర్ల వీపులు చూస్తూ. వీపులకి పెదాలుండవు.

ఇదంతా ఆమెకి తెలుసు. తెలిసే పెట్టింది సంతకం.

విద్యా కార్యాలయంలో ఆమెని అందరూ గూళ్లమ్మ అంటారు. గుమస్తాగా చేరిన రోజు నుంచీ గూళ్ల బీరువా ఆమె చేతి కింద ఉంది. వచ్చిన కాగితం వచ్చినట్టు చదివి, దాని గూట్లో దాన్ని పెట్టడం ఆమె పని. జిల్లాలో బళ్లు బాగుపడాలంటే ఏం చెయ్యాలో ప్రజలే చెప్పాలని పైవాళ్లు కార్డులు పంచినప్పుడు, ఆ కార్డులన్నీ ఆమె బల్ల మీదికే వచ్చాయి. ఒక్కో కార్డు మీద నాలుగు గీతలు. అంతకు మించి రాయడానికి చోటు లేదు.

ఆ నాలుగు గీతల మీద మాస్టారు ఒక సిద్ధాంతం కట్టాడు.

"నాలుగే ఇచ్చారు. పొగడ్తకి గీత వృథా చెయ్యకండి," అని ఇంటింటికీ చెప్పాడు. "బడి మంచిదని మనకి తెలుసు. డాక్టరు దగ్గరికెళ్లి నా చెయ్యి బాగుంది, నా ముక్కు బాగుంది అంటామా? నొప్పి ఉన్నచోటే చూపిస్తాం. వాళ్లకి నొప్పి చూపించండి. అందరూ ఒకేలా రాస్తే బలం ఉంటుంది."

ఒకేలా ఉండడం కోసం బళ్లో బోర్డు మీద నమూనా రాసి పెట్టాడు. పిల్లలు దాన్ని ఇళ్లకి మోసుకెళ్లారు. తల్లులూ తండ్రులూ పక్కింటివాళ్లూ అదే రాసి పెట్టెలో వేశారు. క్లాసులో వెనక బెంచీవాళ్లు కూడా వినని మాస్టారి మాటని ఆ మూడు వారాలూ పేటంతా విన్నది. గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేవాడు, కానీ ముఖం వెలిగిపోతూ ఉండేది.

కార్డులు ఒక్కొక్కటే తీస్తున్నప్పుడు ఆమెకి రెండో రోజుకే విషయం అర్థమైంది. మా బడి పైకప్పు కారుతోంది. మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటున్నాయి. మా పిల్లలకి ఇది చాలదు. ఎన్ని కార్డులు తీసినా అవే నాలుగు గీతలు. ఈ బడి మాకు కావాలి అని ఎవరూ రాయలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నారు.

ఆమె లేచి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లింది.

"వీళ్లు బాగుచెయ్యమంటున్నారండీ. మూసెయ్యమని కాదు."

"అలా రాశారా?"

"రాయలేదండీ. కానీ..."

"రాసిందే మనం చదవాలమ్మా. రాయనిది చదివే ఉద్యోగం ఇంకా పుట్టలేదు," అన్నాడాయన. ఆయన చెడ్డవాడేం కాదు. పాతికేళ్లుగా గీత దాటని మనిషి, అంతే.

ఆ మధ్యాహ్నం భోజనాలకి అందరూ బయటికెళ్లాక ఆమె కలం తీసుకుని ఒక కార్డు ముందు కూర్చుంది. నాలుగో గీత కింద ఒక అంగుళం ఖాళీ ఉంది. అయినా ఈ బడే కావాలి. నాలుగు మాటలు. ఎవరు చూస్తారు? చెయ్యి కాగితం దాకా వెళ్లింది. ఇంకొకరి కార్డు మీద ఇంకొకరు రాయకూడదన్నది పదిహేనేళ్ల అలవాటు. ఆ అలవాటే గెలిచింది. కలానికి మూత పెట్టి, కార్డుని, మూతపడే బళ్ల కోసం ఉంచిన "భవనం పనికిరాదు" అన్న గూట్లో పెట్టింది. తర్వాత రెండు వందల తొంభై ఆరు కార్డులు అదే దారిలో నడిచాయి.

ఆ రోజు రాయాల్సిందని ఇప్పుడు రోజుకి వందసార్లు అనుకుంటోంది.

*

మాస్టారు చొక్కా మార్చుకుని పేటవాళ్లని కూడగట్టడానికి వెళ్లాక, అత్తగారు మిషను ఆపింది. ఆవిడ ఒడి నిండా నీలం గళ్ల గుడ్డ. బడి యూనిఫారాలు ఇరవై ఏళ్లుగా ఆవిడే కుడుతోంది. పేటలో ఏ పిల్ల ఏ ఏడు ఎంత పొడుగెదిగిందో డాక్టరుకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

"ఇలా రా అమ్మాయ్."

ఆమె వెళ్లి నిలబడింది.

"పొరపాటున వేరే గూట్లో వేశానన్నావు, వినపడింది."

"మిషను ఆడుతుంటే ఎలా వినపడింది అత్తయ్యా?"

"ఇరవై ఏళ్లుగా తొక్కుతున్నాను. మిషను చప్పుడు పక్కన పెట్టి వినడం నాకు రాదనుకున్నావా?" ఆవిడ దారం కొరికి తెంపింది. "నువ్వు ఈ ఇంటికొచ్చాక ఉప్పు డబ్బాలో పంచదార పోసిన రోజు లేదు. మూడు వందల కార్డులు తప్పు గూట్లో పోస్తావా?"

కోడలు తల దించుకుంది.

"నా కార్డులో ఏముందో నాకు తెలుసు. నాకు రాయడం రాకపోతే చిలకే రాసింది. రాసి, చదివి వినిపించింది కూడా. ఆ టీచరమ్మ దానికి ఆ నాలుగు ముక్కలే పాఠంగా పెట్టిందట, పది రోజులు అద్దం ముందు కూర్చోబెట్టి. ‘చాలదు’ అనడం రాక ‘తాలదు, తాలదు’ అని ఇల్లు హోరెత్తించింది, గుర్తులేదూ?" అత్తగారి గొంతు తగ్గింది. "వాడు చెప్పి రాయించిందే కొంప ముంచింది. అవునా?"

ఆమె కింద కూలబడి అత్తగారి ఒళ్లోని నీలం గుడ్డలో ముఖం దాచుకుంది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా కట్ట తెగింది.

"ఆయనకి చెప్పకండి అత్తయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పకండి."

"ఎన్నాళ్లు దాస్తావు? మొగుడి దృష్టిలో దొంగవై ఎన్నాళ్లు బతుకుతావు?"

"దొంగనైతే తిడతారు. తిట్టనివ్వండి. ఆయన తిడుతూ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. అప్పట్లా అయిపోతే..."

 అప్పట్లా అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

చిలకకి రెండేళ్లు దాటినా మాట రాకపోతే, డాక్టరుకి చూపిద్దామని ఆమె పోరింది. "మా ఇంట్లో అందరికీ ఆలస్యమే, నేను మూడో ఏట పలికాను," అని మాస్టారు నవ్వేశాడు. అలా నవ్వుతూ ఏడాదిన్నర గడిపాడు. తీరా చూపిస్తే డాక్టరు ఒక్క మాటే అంది. ముందే తీసుకొచ్చి ఉంటే బాగుండేది.

ఆ మాట విన్న మనిషి ఇంటికొచ్చి పడుకుని గోడ వైపు తిరిగాడు. నాలుగు నెలలు. బడికి సెలవు పెట్టి, పిలిస్తే పలక్కుండా, పిల్ల వచ్చి వీపు మీద తడితే కళ్లు మూసుకుని పడున్నాడు. చిలక "వద్దు" అన్న రోజు కూడా అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే. ఆ పిల్ల మాట తన వల్ల ఒకసారి ఆలస్యమైంది. ఇప్పుడు ఆ మాటల గది కూడా తన చేతి రాత వల్లే పోతోందని తెలిస్తే?

"ఒక తప్పు మోసే శక్తే ఆయనకి ఉంది అత్తయ్యా. రెండోది నేను మోస్తాను," అంది ఆమె.

అత్తగారు కోడలి తల నిమిరింది. తర్వాత సగం కుట్టిన గౌను మడిచి పక్కన పెట్టింది. ఇరవై ఏళ్లలో ఆవిడ సగం కుట్టిన బట్టని మడవడం అదే మొదలు.

*

ఆఫీసుకి బయల్దేరుతూ వీధి మొగలో మాస్టారు ఎదురైతే, ఆమె పక్కకి పిలిచి అడిగింది. పక్కన చిలక లేదు గనక గోడ వెతుక్కోనక్కర్లేదు.

"ఏవండీ. ఒక్కటి అడుగుతాను. అభ్యంతరం చెప్పండి, ఎంతైనా చెప్పండి. మాటల గది గురించి చెప్పండి. కార్డుల మాట మాత్రం ఎత్తకండి."

"ఎందుకు?"

"ఎత్తకండి, అంతే."

ఎత్తొద్దంటే ఎత్తాలనిపిస్తుందని ఆమెకి తెలియకపోలేదు. వేరే దారి లేక అడిగింది. మాస్టారు ఆమె ముఖంలోకి చూసి, తలూపి, ఏదో తేలిపోయినట్టు వెళ్లిపోయాడు. లెక్కలో దొరకని అంకె దొరికినప్పుడు అతను అలాగే తలూపుతాడు.

కార్యాలయం మేడ మీద హాలు మూడింటికే నిండింది. ముందు వరసలో చిలక, పక్కన నానమ్మ, వెనకాల పేటంతా. చిలకని ఎప్పుడూ ముందే కూర్చోబెడతారు, పెదాలు కనపడాలిగా. ఎదురుగా పొడవాటి బల్ల, మధ్యలో అభ్యంతరాలు వినే సంఘం అధ్యక్షురాలు, ఆవిడ పక్కన సూపరింటెండెంటు గారు, చివర కుర్చీలో గూళ్లమ్మ. బల్ల కింద, ఆమె కాళ్ల దగ్గర, నాడాతో కట్టిన కార్డుల కట్టలు.

అధ్యక్షురాలు మర్యాదస్తురాలు. అందరినీ కూర్చోమంది, మంచినీళ్లు ఇప్పించింది.

"బడి మూసెయ్యాలని మాకేం సరదా లేదు. మీరు చెప్పిందే మేం విన్నాం," అంది.

మాస్టారు లేచాడు.

"మేం చెప్పింది మీరు వినలేదండీ. వినుంటే ఆ నోటీసు ఉండేది కాదు. మా కార్డులెక్కడున్నాయి?"

"ఇక్కడే ఉన్నాయి."

"అయితే చదవండి. అందరి ముందూ, పైకి. మా జనం ఏం రాశారో, మీ కార్యాలయం ఏం రాసుకుందో ఇప్పుడే తేలిపోతుంది."

హాలంతా చప్పట్లు కొట్టింది. గూళ్లమ్మ గబుక్కున మైకు అందుకుంది.

"అన్నీ చదవాలంటే సాయంత్రమైపోతుందండీ. సారాంశం ఉంది, అది..."

"సాయంత్రం కానివ్వండి," అన్నాడు మాస్టారు, ఆమెని అస్సలు ఎరగనట్టు. "గూళ్లు సర్దినవారినే చదవమనండి. వారి నోటితోనే వింటాం."

కట్టుకున్నవాడు నలుగురిలో ఆమెని "వారు" అనడం అదే మొదటిసారి.

"న్యాయమే. చదవండమ్మా," అంది అధ్యక్షురాలు.

ఆమె వంగి మొదటి కట్ట తీసింది. నాడా ముడి ఊడలేదు. ముడి విప్పింది సూపరింటెండెంటు గారే. పై కార్డు చూడగానే ఆమె గుర్తుపట్టింది. పెట్టెలో అందరికంటే ముందు పడ్డ కార్డు అది. వాలుగా, తీర్చి దిద్దినట్టు ఉండే ఆ రాత పన్నెండేళ్లుగా ఇంట్లో సామాన్ల చీటీల మీద చూస్తున్నదే.

ఇంకేదైనా చదివేస్తేనో అనిపించింది. మా బడి మాకు ప్రాణం, దయచేసి బాగుచెయ్యండి. ఎంతసేపు పని? తలెత్తింది. ముందు వరసలో చిలక ముందుకి వంగి, నోరు కొంచెం తెరిచి, ఆమె పెదాలనే చూస్తోంది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకి లోకం ఆ పెదాల మీదే కనిపించింది. వాటి మీద అబద్ధం పెట్టడం ఆమె వల్ల కాలేదు.

"మా బడి పైకప్పు కారుతోంది," అని చదివింది.

"అదీ! బాగుచెయ్యండి మరి!" అన్నారు వెనకాల నుంచి ఎవరో.

"మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు."

చిలక కళ్లు మెరిశాయి. ఆ పెదాల ఆకారం తనకి తెలుసు. అద్దం ముందు పది రోజులు దిద్దిన ఆకారం. కుర్చీలోంచి లేచి నిలబడింది. నానమ్మ చెయ్యి పట్టుకోబోయింది, ఆలస్యమైంది.

"రెండు తరగతులు," అంది తల్లి.

"రెండు తరగతులు," అంది కూతురు కూడా, గొంతెత్తి. చిలకకి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. "ఒకే గదిలో కూర్చుంటున్నాయి! మా పిల్లలకి ఇది చాలదు!"

 వినపడని పిల్ల అంత స్పష్టంగా మాట్లాడడం అక్కడున్న చాలామంది మొదటిసారి విన్నారు. "చా" అన్న చోట తడబాటు లేదు. అధ్యక్షురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బడి గురించి అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేరు. కానీ ఆ పిల్ల నోటి వెంట వచ్చింది బడిని మూయించిన మాట.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చిలక సంబరంగా వెనక్కి తిరిగి తండ్రిని చూపించింది.

"నాన్న రాశాడు! బోర్డు మీద!"

చప్పట్లు రెండు చేతుల దగ్గరే ఆగిపోయాయి.

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నాడు. పెదాలు కదిపి, ఆగి, మళ్లీ కదిపాడు.

"అలాంటివి ఎన్ని?" అన్నాడు. ఇప్పుడు అడిగింది బల్లని కాదు. పెళ్లాన్ని అడిగాడు.

 నోటీసులోనే ఉంది జవాబు, పొద్దున అతనే చదివి వినిపించాడు.

"ఆ పైన ఉన్నది ఎవరిది?"

ఆమె కార్డుని గుండెలకి ఆనించుకుంది, రాత కనపడకుండా. అలా దాచుకోవడంతోనే అతనికి తెలిసిపోయింది. పొద్దుటి నుంచి తను అన్న మాటలూ, ఆమె వంటింట్లో ఒప్పుకున్న తప్పూ, వీధి మొగలో బతిమాలుకోవడమూ అన్నీ ఒక్కసారి లెక్క కుదిరాయి. ఆ ముఖం మీద రంగు దిగిపోవడం ఆమె చూసింది. ఏ నాలుగు నెలలు మళ్లీ రాకూడదని తను దొంగ అనిపించుకుందో, ఆ నాలుగు నెలలూ తిరిగి వస్తుండడం కళ్లారా చూసింది.

"ఏవండీ," అంది మైకులో, అందరి ముందూ. "నాదే తప్పు. నేను రాయాల్సింది. కింద చోటుంది, నేను..."

మాస్టారు వినలేదు. కుర్చీల మధ్యలోంచి నడిచాడు. జనం దారిచ్చారు. తలుపు వైపు వెళ్తాడనుకున్నారు అందరూ. అతను తలుపు దగ్గర ఆగకుండా హాలు మూలకి వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో ఎవరికీ వినపడలేదు.

"తర్వాతి కార్డు..." అని మొదలుపెట్టి సూపరింటెండెంటు గారు తనంతట తనే ఆపేశాడు.

చిలక తండ్రి వీపుకేసి చూసింది. నవ్వు పోయింది. ఇన్నాళ్లూ అమ్మా నాన్నా తనకి తెలియదనుకున్నారు గాని, గోడ వైపు తిరగడమంటే ఏమిటో ఆ పిల్లకి ఏడాదిగా తెలుసు. బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! నాన్న ఎవరితో పోట్లాడుతున్నాడు?"

గోడ దగ్గర నాన్న పక్కన ఇంకెవరూ లేరు. ఆ గొంతు హాలంతా మోగింది. ఆమె చేతిలో కార్డు అలాగే ఉంది, ముందు మైకు అలాగే ఉంది, తిరగడానికి దగ్గర్లో గోడ లేదు. చిలక మునివేళ్ల మీద లేచి, బల్ల అంచు పట్టుకుని, తల్లి పెదాల వైపు చూస్తూ నిలబడింది.